పాలపిట్టకు మేము నేర్పనిది

జగిత్యాలలో మా ఇంటికి దెబ్బతిన్న పిట్టలను తెచ్చేవాళ్ళు నన్ను మంచిదాన్ని అనుకుని వస్తారు, పొగరుబోతుదాన్ని అనుకుని వెళ్తారు. అట్టపెట్టె మూత తీయకముందే నేను గొడవ మొదలుపెడతాను. దీనికి పేరు పెట్టారా? పెడితే ఇవాళే మర్చిపోండి. దీనితో మాట్లాడారా? ఇక మాట్లాడకండి. రేపు చూడటానికి వస్తామంటారేమో, రావద్దు. పోయిన ఎండాకాలం ఒక చిన్నపాప చిలుక పిల్లను ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. రోజూ దానికి ముద్దు పెట్టి పడుకోబెడుతున్నానని చెప్పింది. నా మాటలు విని ఏడ్చుకుంటూ పోయింది. వాళ్ళ నాన్న గడప దిగుతూ అన్నాడు.

"గింత గుండె లేని మనిషి పిట్టలనెట్ల సాదుతున్నరు మేడం?"

ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదు. నాకూ జవాబు తెలుసు. అది గడప దగ్గర నిలబడి చెప్పేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను సిరిసిల్లలో పుట్టాను. మా బాపు, అంటే మా నాన్న, సాంచెల మీద పనిచేసేవాడు. మరమగ్గాలను మా ఊళ్ళో సాంచెలంటారు. తాత నాడు ఇంట్లోనే చేతిమగ్గం ఉండేదట, నాకు ఊహ తెలిసేసరికి ఆ మగ్గం గుంటలో మట్టి పోసి పొయ్యి పెట్టేశారు. బాపు పనిచేసే షెడ్డు రేకుల కింద పిచ్చుకలు గూళ్ళు కట్టేవి. గడ్డి కోసం దూరం పోవడమెందుకని నేల మీద పడిన నూలు ముక్కలనే ఏరుకుని పేర్చుకునేవి. ఆ పోగులు పిల్లల కాళ్ళకు చుట్టుకునేవి. పిల్ల పెరిగినకొద్దీ పోగు బిగుసుకునేది. ఒకరోజు రెక్కలొచ్చాయని ఎగరబోయి, గూటి కింద తలకిందులుగా వేలాడేది. బాపు సాంచె ఆపి, నిచ్చెన వేసి, దాన్ని దించి, సూదితో ఒక్కొక్క పోగూ విడదీసేవాడు. సాంచె ఆగినందుకు షెడ్డు యజమాని సేటు తిట్టేవాడు. బాపు పట్టించుకునేవాడు కాదు.

"మన పోగే గదా దీని కాళ్లకు సుట్టుకున్నది. మనమే ఇప్పాలె" అనేవాడు.

పిట్టల గురించి బాపు నాకు చెప్పిన వేదాంతమంతా ఆ ఒక్క మాటే. మా అవ్వకు మాత్రం అందులో వేదాంతమేమీ కనపడేది కాదు. అవ్వ అంటే మా అమ్మ. ఇంట్లో కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టేది, అంటే సాంచెలో పెట్టే చిన్న పుల్లలకు నూలెక్కించేది. చుడుతూనే బాపును ఎత్తిపొడిచేది. "ఇంట్ల పిల్లకు గౌను లేదు గని, ఈయన పిట్టలకు బట్టలు కుడ్తడు."

బాపుకు ఇంకో విద్య ఉంది, ఈల. సాంచెలు నడిచే షెడ్డులో చెవిలో నోరు పెట్టి అరిచినా మాట వినపడదు. అందుకని అక్కడ మనుషులు చేతి సైగలతోనూ ఈలలతోనూ బతుకుతారు. రెండు వేళ్ళు నాలుక కింద మడిచి బాపు ఈల వేస్తే అంత మోతనూ చీల్చుకుని షెడ్డు ఆ కొసకు వినపడేది. ఇంటికొచ్చినా ఆ అలవాటు పోయేది కాదు. నీళ్ళు కావాలంటే ఈల, నేను వీధిలో ఉంటే ఈల. "ఇల్లనుకున్నవా, కార్ఖాన అనుకున్నవా" అని అవ్వ గులిగేది. ఎనిమిదేళ్ళకే నేనూ ఆ ఈల నేర్చుకున్నాను. ఆడపిల్ల ఈల వేయడమేమిటని అవ్వ నెత్తిన మొట్టింది. బాపు మాత్రం షెడ్డులో అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

నాకు పన్నెండేళ్ళప్పుడు, ఎండాకాలం చివర గాలివాన వచ్చింది. మానేరు వాగు వైపు చేలలో తల లేని తాటి మోడు ఒకటి ఉండేది, అది నేలకూలింది. పొద్దున అటు వెళ్ళిన బాపు తువ్వాలలో ఏదో చుట్టుకుని వచ్చాడు. మోడు తొర్రలో మూడు పిల్లలున్నాయట, రెండు చచ్చిపోయాయి. మూడోది ఇది. ఒంటి నిండా ముళ్ళలాంటి మొలకలు, పెద్ద తల, దానికంటే పెద్ద నోరు. ఇంత అనాకారిది ఏ పిట్టో మాకు అర్థం కాలేదు. బాపు కొద్దిసేపు చూసి "పాలపిట్ట" అన్నాడు. అవ్వ రాట్నం ఆపింది. పాలపిట్ట అంటే మా ఊళ్ళో మామూలు పిట్ట కాదు. దసరానాడు జమ్మి చెట్టు దగ్గర దాన్ని చూస్తేనే ఏడాది మంచిగా గడుస్తుందని నమ్మకం. ఆ ఒక్కసారికి అవ్వ గులగలేదు.

దాన్ని నూలు చెత్త పరిచిన గంపలో పెట్టాం. దాని ఆకలి ఆకలి కాదు, బకాసురుడి ఆకలి. బడికి సెలవులు కాబట్టి పొద్దంతా నా పని మిడుతలు పట్టడమే. మిడుతలు దొరక్కపోతే గోడ మీది బల్లులు. మా ఇంట్లో ఆ నెల బల్లి అన్నది లేకుండా పోయింది. తిండి పెట్టేముందు ప్రతిసారీ చిన్నగా ఈల వేసేదాన్ని. ఈల వినగానే అది మెడ సాచి, నోరు బార్లా తెరిచి, రెండు మొండి రెక్కలనూ వణికించేది. దాన్ని చూసి నవ్వీ నవ్వీ నా కడుపు నొచ్చేది. బాపు కూడా షెడ్డు నుంచి రాగానే చేతులు కడుక్కోకుండా ఈల వేసి దానికి మిడుత పెట్టేవాడు.

నెల దాటేసరికి ఆ ముళ్ళు విచ్చుకున్నాయి. ఒకరోజు వాకిట్లో బాపు భుజం మీది నుంచి దూలం మీదికి ఎగిరింది. రెక్కలు చాచేదాకా ఆ నీలం మాకు తెలియదు. ముడుచుకుని కూర్చుంటే మట్టిరంగు పిట్ట, విప్పితే ఇల్లంతా నీలం. అవ్వ చేతిలో కండె జారిపోయింది. బాపు కళ్ళు తుడుచుకున్నాడు. నేనైతే వాడంతా పరుగెత్తి చెప్పి వచ్చాను.

వానలు పడ్డాక దాన్ని ఇంటి వెనక విడిచిపెట్టాం. మా ఇల్లు ఊరి చివరన, గోడ దాటితే మక్కచేలే, అంటే మొక్కజొన్న. అది దూరం పోలేదు. కరెంటు తీగ మీద కూర్చునేది, చేలలో కొంత తనే వేటాడుకునేది. పొద్దుగూకే వేళ నేను గోడ దగ్గర నిలబడి గట్టిగా ఈల వేస్తే ఎక్కడున్నా వచ్చి నా చేతి మీద వాలేది. మా వాడవాళ్ళు చూడటానికి వచ్చేవాళ్ళు. అందరి చేతుల మీదికీ పంపేదాన్ని. ఎవరికీ బెదిరేది కాదు. ఎంత మంచిగా పెంచామో అని మా ముగ్గురికీ గర్వంగా ఉండేది. మేము చేసిన తప్పు అదే. ఆ రోజుల్లో ఎవరైనా అది తప్పని చెబితే నేను వాళ్ళ మీదికి పోయేదాన్ని.

అవి అన్నలు తిరిగే ఏండ్లు. అడవిలో ఉండే నక్సలైట్లను మా దిక్కు అన్నలనే అనేవాళ్ళు, అదైనా లోగొంతుతో. ఊరి బయట పోలీసుల క్యాంపు పడింది. చీకటి పడకముందే తలుపులు వేసుకోవడం, కొత్త మనిషి నీళ్ళడిగితే గుండె జల్లుమనడం, పేపర్లో ఎన్‌కౌంటర్ అని ఉంటే ఎవరి కొడుకో అని వెతకడం అందరికీ మామూలైంది. ఎవరూ బయటికి ఏమీ అనేవాళ్ళు కాదు. గోడలకు చెవులుంటాయని పెద్దవాళ్ళు మాకు రోజూ చెప్పేవాళ్ళు. ఆ చెవులకు నా ఈల వినపడుతుందని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. సాంచెల మోతలో బతికేవాళ్ళం, ఈల మాకు మాటతో సమానం. బయటివాళ్ళకు అది ఇంకోలా వినపడుతుందని మాకేం తెలుసు?

ఒకరోజు ముసురు పట్టింది. పిట్ట రావడం ఆలస్యమైంది. నేను గోడ ఎక్కి మూడుసార్లు ఈల వేశాను, ఒక్కొక్కటీ ముందుదానికంటే గట్టిగా. మక్కచేలు మనిషెత్తు పెరిగి ఉన్నాయి. పిట్ట వచ్చింది, తిన్నది, పోయింది.

మర్నాడు పొద్దున పోలీసు జీపు వచ్చింది. ముగ్గురు దిగారు. పెద్దాయన వాకిట్లోకి వచ్చి బాపును అడిగాడు.

"రోజూ సాయంత్రం చేలలోకి ఈల వేసేది ఎవరు? ఎవరిని పిలుస్తున్నారు?"

నేను తలుపు చెక్క వెనక ఉన్నాను. అవ్వ నా జబ్బ పట్టుకుని ఉంది. బాపు ఇటు ఒక్కసారి చూశాడు. ఆ చూపు ఇవాళ్టికీ నాకు గుర్తే. నోరు విప్పొద్దని చెప్పిన చూపు అది.

"నేనే సారు" అన్నాడు బాపు. "పిట్ట కోసం ఏస్త."

"ఏం పిట్ట?"

"పాలపిట్ట సారు. సాదుకున్నం. ఈలేస్తే అస్తది."

వాళ్ళు నవ్వారు. ఈల వేస్తే వచ్చే పాలపిట్టను ఎవరు నమ్ముతారు? అప్పుడది అక్కడ ఉంటే నమ్మేవాళ్ళేమో. పొద్దున పూట అది ఎప్పుడూ రాలేదు. ఈల వేసింది నేను అని చెప్పడానికి నాకు ఎంతసేపు పట్టేది? నేను చెప్పలేదు. బాపును జీపెక్కించుకుని తీసుకుపోయారు. అవ్వ నా జబ్బ వదిలేసరికి అక్కడ ఆమె గోళ్ళు దిగి ఉన్నాయి.

నాలుగు రోజుల తర్వాత బాపు వచ్చాడు. షెడ్డు సేటు వెళ్ళి ఇతను నా మనిషేనని చెబితే వదిలారట. ఏం చేశారని మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. కుడి భుజం మాత్రం పైకి లేచేది కాదు. అన్నం ఎడమచేత్తో తిన్నాడు. నెల గడిచినా చేయి భుజం దాటి లేవలేదు. సాంచె నడపాలంటే రెండు చేతులూ కావాలి. సేటు కొన్నాళ్ళు చూసి ఇంకొకరిని పెట్టుకున్నాడు. బాపు ఇంట్లో అవ్వ పక్కన కూర్చుని కండెలు చుట్టడం మొదలుపెట్టాడు. మా వాడలో ఆ పని ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ చేస్తారు. ఆయనకప్పుడు నలభై కూడా లేవు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

వచ్చిన రోజే ఒక్కటి మాత్రం చెప్పాడు. "ఇగ ఈల బందు బిడ్డా. పిట్టకు తిండి పెట్టుడు గూడ బందు. దాని బతుకు అది బతుకుతది."

అది ఆ సాయంత్రం కూడా వచ్చింది. ఈల లేకున్నా వచ్చింది. గోడ మీద వాలి, ఇంటి వైపు తిరిగి కూర్చుంది. మేము తలుపులు వేసుకుని లోపల ఉన్నాం. అది అరిచింది. పాలపిట్ట గొంతు ఏమంత బాగుండదు, కరకుగా ఉంటుంది. ఆ కరకు గొంతుతో చీకటి పడేదాకా అరిచి పోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నేను చెవులు మూసుకుని ఏడ్చేదాన్ని. బాపు కండె మీది నుంచి కన్నెత్తేవాడు కాదు కానీ, ఆయన చుట్టిన నూలు ఆ పూటంతా తెగుతూనే ఉండేది.

రెండు మూడు వారాలకు రావడం తగ్గింది. బతుకమ్మ పండుగ మొదలయ్యేసరికి పూర్తిగా మానేసింది. "అలవాటు తప్పింది. అడివి పిట్టయింది" అన్నాడు బాపు. జీపు వచ్చిన తర్వాత ఆయన ముఖంలో నవ్వు చూడటం నాకదే మొదటిసారి. నాకు బాధగానూ ఉంది, సంతోషంగానూ ఉంది. ఇంత జరిగినా దాన్నొక్కదాన్ని గట్టున వేశాం కదా అనుకున్నాను. బాపు భుజం దాని కోసమే పోయింది. అదైనా బతికితే ఆ భుజానికి ఒక అర్థం ఉంటుందని ఆ వయసులోనే నేను ఏదో లెక్క వేసుకున్నాను.

దసరానాడు సాయంత్రం ముగ్గురం జమ్మి చెట్టు దగ్గరికి వెళ్ళాం. జనం జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారమంటూ ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. బాపు ఎడమచేత్తోనే అందరికీ ఆకు పెట్టాడు. ఒక పక్కన జనం గుమిగూడి దండాలు పెడుతున్నారు. అక్కడ పిట్టలు పట్టే ఒకాయన నిలబడి ఉన్నాడు. ఏటా వస్తాడు. పాలపిట్టను పట్టి, పంజరంలో పెట్టి, దసరానాడు జనానికి చూపించి నాలుగు పైసలు సంపాదించుకుంటాడు. చేలల్లోకి పోయి పిట్టను వెతుక్కునే ఓపిక జనానికి లేదు, పైగా ఆ ఏడు చేలల్లోకి పోవడానికి భయం కూడా. అవ్వ నన్ను ముందుకు తోసింది. "సూడు బిడ్డా, మొక్కుకో. ఈ యేడన్న మంచిగుండాలని మొక్కుకో."

నేను చేతులు జోడించి పంజరంలోకి చూశాను. రెక్కలు దారంతో కట్టేసి ఉన్నాయి. పిట్ట ఒక మూలకు ఒరిగి కూర్చుని ఉంది. నన్ను చూసింది. చూసి, మెడ సాచి, నోరు బార్లా తెరిచి, ఆ కట్టేసిన రెక్కలను వణికించింది.

చుట్టూ జనం సంబరపడ్డారు. పాలపిట్ట పిల్లను దీవిస్తోందని ఎవరో ముసలావిడ అన్నది. నేను జోడించిన చేతులు దించేశాను. వెనక్కి తిరిగి బాపును చూశాను. ఆయనకూ అర్థమైంది.

జనం పలచబడేదాకా బాపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత వెళ్ళి పిట్టలాయనను అడిగాడు.

"దీన్ని ఏడ పట్టినవన్నా?"

"వాగు ఒడ్డు పొంటి. నాలుగు దినాలాయె" అన్నాడాయన. దాచాల్సిందేదో ఉందని ఆయనకు తెలియదు. "దీన్ని పట్టుడు ఏం కష్టం గాలేదే. వల గూడ ఎయ్యలే. మిడుతను చేతిల వట్టుకోని కూసుంటే, అదే అచ్చి నా చెయ్యి మీద వాలింది. గిన్నేండ్ల సంది పిట్టలు వడ్తున్న, గిసొంటి పిట్టను సూడలే."

 దీన్ని సాదింది మేమేనని బాపు చెప్పాడు. పిట్టలాయన బాపు ముఖాన్నీ, వేలాడే చేతినీ చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. పండుగ అయిపోయింది కదా, తీసుకుపొమ్మని పంజరం తెరిచి పిట్టను నా చేతుల్లో పెట్టాడు. పోతూ పోతూ, "నాకేం ఎరుక అన్నా" అన్నాడు. నిజమే, ఆయనకేం ఎరుక.

ఇంటికి తెచ్చి బాపు సూదితో దారం విప్పాడు. ఎడమచేత్తో విప్పడం వల్ల చాలాసేపు పట్టింది. దారం కింద తోలు తెగి, పుండై, చీము పట్టి ఉంది. పెద్ద ఈకలను కత్తెరతో కత్తిరించేశారు. పసుపు రాశాం. మిడుతలు తెచ్చాను. నేను దగ్గరికి పోయినప్పుడల్లా నోరు తెరిచేది, పెట్టింది మింగలేక వదిలేసేది. మూడోరోజు నుంచి నోరు కూడా తెరవలేదు. ఐదోరోజు మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి గంప ఖాళీగా ఉంది. బాపు వాకిట్లో కూర్చుని ఉన్నాడు, గోళ్ళ నిండా మట్టి.

"తిండి తినుడు నేర్పినం, ఎగురుడు నేర్పినం" అన్నాడు. "భయపడుడు నేర్పలే. మనిషంటే భయపడాలెనని సెప్పలే దానికి."  మా బాపు నా ముందు గట్టిగా ఏడ్చింది ఆ ఒక్కరోజే. క్యాంపు నుంచి వచ్చిన రోజు కూడా ఏడవలేదు.

ఇక బాపు పిట్టల జోలికి పోడనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని అవ్వ కూడా అంది. కానీ మరుసటి ఎండాకాలం పక్కింటి చూరులోంచి గోరింక పిల్ల ఒకటి జారి మా వాకిట్లో పడితే, బాపే లేచి తీసుకొచ్చాడు. ఈసారి పద్ధతి వేరు. తిండి పెట్టేటప్పుడు నెత్తి మీది నుంచి గోనెసంచి కప్పుకునేవాడు, కళ్ళ దగ్గర రెండు చిల్లులు. నాకూ ఒక సంచి. దాని ముందు మాట లేదు, ఈల లేదు. చేత్తో కాకుండా పుల్లతో పెట్టాలి. వాడవాళ్ళను రానివ్వలేదు. గోనెసంచుల్లో మమ్మల్ని చూసి అవ్వ మొదట్లో పడీపడీ నవ్వింది, తర్వాత తనే నా సంచి చిరుగులు కుట్టి ఇచ్చింది.

ఎంత చేసినా గోరింక గోరింకే. మనుషుల మధ్య బతికే జాతి, సంచి వెనక ఎవరున్నారో దానికి తెలిసిపోయింది. ఎగరడం వచ్చాక విడిచిపెడితే, వచ్చి నా కాళ్ళ దగ్గరే తిరిగేది. రెండు రోజులు చూశాడు బాపు. మూడోరోజు నన్నూ దాన్నీ చేను గట్టు దగ్గరికి తీసుకుపోయాడు. గంప మూత తీశాడు. అది బయటికి దూకి, గడ్డిలో రెండడుగులు వేసి, మా వైపే వచ్చింది.

బాపు వంగి మట్టిగడ్డ ఒకటి తీసుకున్నాడు. చేయి లేవదు కదా. ఆ గడ్డను నా చేతిలో పెట్టాడు.

"ఎయ్యి" అన్నాడు.

నేను వేయలేదు.

"ఎయ్యి బిడ్డా. నా తోని గాదు."

పక్కకు వేశాను. అది కొంచెం ఎగిరి మళ్ళీ వాలింది, ఇదేదో ఆట అనుకున్నట్టు. బాపు ఇంకో గడ్డ ఇచ్చాడు. 

"తలిగేటట్టు ఎయ్యి."

వేశాను. రెక్క మీద తగిలింది. అది కీచుమని అరిచి లేచింది. నేను ఇంకో గడ్డ, ఇంకో గడ్డ తీసి వేస్తూనే ఉన్నాను, పో అని అరుస్తూ, ఏడుస్తూ. బాపు అప్పటికే అటు తిరిగి నిలబడ్డాడు. చూడలేకపోయాడు.

చివరికి వచ్చి ఆయన పక్కన నిలబడ్డాను. "పోయిందా?" అని అడిగాడు.

"పోయింది బాపు."

"ఎనుకకు తిరిగి సూసిందా?"

లేదన్నాను. అయితే బతుకుతదిలే అని బాపు ఖాళీ గంపను ఎడమచేత్తో ఎత్తుకుని ఇంటి దారి పట్టాడు. నిజానికి అది తుమ్మకొమ్మ మీద వాలి, చాలాసేపు మా వైపే చూసి, తర్వాతనే పోయింది.